అన్నకు నాలుగు గంటల నిద్ర చాలుతుంది, నాకెందుకు చాలదు?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. అన్నదమ్ములిద్దరూ తిరుపతిలో ట్యాక్సీ నడుపుతున్నారు. మీ అన్న రాత్రి బయల్దేరి చెన్నై ఎయిర్‌పోర్టులో పార్టీని దింపి, తెల్లవారుజామున తిరిగొచ్చి, నాలుగు గంటలు పడుకుని, మళ్ళీ కొండకో కాణిపాకానికో బండి తీస్తాడు. మీకేమో ఒక్క రాత్రి నిద్ర చెడితే మర్నాడంతా కళ్ళు మంటలు, తల దిమ్ము, ఇంట్లోవాళ్ళ మీద చిరాకు. "నాది నాయన పోలిక, లారీ తోలిన ఒళ్ళు. నీది అమ్మ పోలిక" అని అన్న ఎగతాళి చేస్తున్నాడు. ఇది నిజంగా జీన్స్ వల్లేనా, దానికి టెస్టు ఉందా, కష్టపడితే నేనూ అలవాటు పడగలనా అని అడిగారు.

నేను మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. చివరి కొన్నేళ్ళు నిద్ర పరీక్షలు చేసే ల్యాబు కూడా చూసుకున్నాను. తలకు వైర్లు తగిలించుకుని పడుకున్నవాళ్ళను అద్దం ఇవతల నుంచి రాత్రుళ్ళు చూస్తూ కూర్చోవడం నా పని. అంటే నిద్ర గురించి తెలుసుకోవడానికి నా నిద్ర చెడగొట్టుకున్నాను.

మీ అన్న మాటలో సగం నిజముంది. నిద్ర తక్కువైతే ఎవరు ఎంత దెబ్బతింటారన్నది చాలావరకు పుట్టుకతో వచ్చేదే. కానీ తను దెబ్బతినని రకమని ఆయనకెలా తెలిసింది? "నాకు నిద్ర రాదు కదా" అంటాడు. చిక్కంతా ఆ మాట దగ్గరే ఉంది.

ముందు పుట్టుక సంగతి. 2004లో వాన్ డోంగెన్ అనే శాస్త్రవేత్త బృందం అమెరికాలో 21 మందిని ల్యాబులో పెట్టి 36 గంటలు మేలుకోబెట్టింది. ఒకసారి కాదు, మధ్యలో ఎడమిచ్చి మూడుసార్లు. మొదటిసారి చతికిలబడ్డవాళ్ళే రెండోసారీ మూడోసారీ చతికిలబడ్డారు. నిలబడ్డవాళ్ళు ప్రతిసారీ నిలబడ్డారు. ముందు వారం కడుపునిండా నిద్రపోయి వచ్చారా, అరకొరగా పడుకుని వచ్చారా అన్నదానికంటే మనిషెవరన్నదే ఎక్కువ తేడా చూపించింది. 2012లో ఇలాంటి పరీక్షే కవలల మీద జరిగింది. అచ్చం ఒకేలా ఉండే కవలలు 59 జతలు, మామూలు కవలలు 41 జతలు, 38 గంటల మెలకువ. ఒకేలా ఉండే కవలల్లో ఒకరు ఎక్కువ తప్పులు చేస్తే రెండోవారూ ఎక్కువ చేయడం బాగా కనబడింది. మామూలు కవలల్లో ఆ పోలిక అంతగా లేదు. మనిషికీ మనిషికీ మధ్య కనబడే తేడాలో సగానికి పైగా జన్యువుల వల్లేనని తేల్చారు. మీ ఒంట్లో సగం జన్యువులు, సగం అలవాటు అని దీనర్థం కాదు. జనంలో కనబడే తేడాలో ఎంత వాటా దేనిదన్న లెక్క అది.

అన్నదమ్ములిద్దరికీ ఇంత తేడా ఏమిటంటారా? ఒకే తల్లి కడుపున పుట్టినా, జన్యువుల్లో మనిషికీ మనిషికీ మారే భాగాల్లో అన్నదమ్ములు సగటున సగమే పంచుకుంటారు. ఒకరికి నాయన రంగు, ఒకరికి అమ్మ రంగు వచ్చినట్టే ఇదీను. ఇక్కడిదాకా మీ అన్న చెప్పింది సబబే.

ఆ తప్పుల్ని ఎలా లెక్కపెడతారో చెప్పాలి, ముందు ముందు అవసరం పడుతుంది. పీవీటీ అంటారు, పరీక్ష చాలా సాదాది. పది నిమిషాలు ఒక చిన్న తెరను చూస్తూ కూర్చోవాలి. ఎప్పుడో ఒకప్పుడు అంకెలు వెలుగుతాయి, వెంటనే మీట నొక్కాలి. అంతే. బాగా నిద్రపోయినవాడు సెకనులో నాలుగో వంతుకు అటూ ఇటూగా నొక్కేస్తాడు. అర సెకను దాటితే ఒక తప్పు. నిద్ర చాలనివాడు అన్నిసార్లూ నిదానంగా నొక్కడు. తొమ్మిదిసార్లు చురుగ్గా నొక్కి, పదోసారి రెండు సెకన్లు ఎటో వెళ్ళిపోతాడు. కళ్ళు తెరిచే ఉంటాయి, మెదడు మాత్రం ఊళ్ళో ఉండదు. 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. మొగిలి ఘాట్ వంపులో రెండు సెకన్లంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు, ఆ దారిన బెంగళూరు ట్రిప్పులు వేసే మీకే బాగా తెలుసు.

ఇక అసలు విషయం. ఆ 2004 పరీక్షలో తేలిన ఇంకో ముక్కను నేను ప్రతి బ్యాచికీ ప్రత్యేకంగా చెప్పేవాణ్ణి. "నాకు నిద్ర ముంచుకొస్తోంది" అన్నవాళ్ళూ, మీట నొక్కడంలో తప్పులు చేసినవాళ్ళూ ఒకే మనుషులు కారు. కొందరికి కళ్ళు మూతలు పడుతున్నా చేయి సరిగ్గా ఆడింది. కొందరు హుషారుగా కబుర్లు చెబుతూనే వరసగా తప్పులు చేశారు. లెక్కలు కట్టడం, మాటలు గుర్తుపెట్టుకోవడం లాంటి పనుల్లో దెబ్బతిన్నవాళ్ళు మళ్ళీ వేరే గుంపు. నిద్ర వస్తున్నట్టు అనిపించడం ఒకటి, చేయీ కన్నూ పనిచేయడం ఒకటి, బుర్ర పనిచేయడం ఇంకొకటి. ఒకదాంట్లో గట్టివాడు రెండోదాంట్లోనూ గట్టివాడని పూచీ లేదు.

దీన్ని నేను చదవక ముందే కళ్ళారా చూశాను. హౌస్ సర్జన్సీ రోజుల్లో నాతోపాటు డ్యూటీ చేసిన మిత్రుడొకడు 30 గంటల తర్వాత కూడా ఈల వేస్తూ తిరిగేవాడు. మేమంతా గోడలకు జారబడి జోగుతుంటే మమ్మల్ని ఆటపట్టించేవాడు. ఒక తెల్లవారుజామున చిన్నబిడ్డకు మందు రాస్తూ దశాంశ చుక్క ఒక స్థానం పక్కకు పెట్టాడు, మోతాదు పదింతలైంది. సిస్టరమ్మ చూసి ఆపింది కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి వార్డులో అందరికంటే చురుగ్గా కనబడ్డవాడు వాడే.

జన్యువుల పేర్లు చాలామంది యూట్యూబులో వినే ఉంటారు కాబట్టి ఒకట్రెండు విప్పి చెబుతాను. అందరూ చెప్పుకునేది డెక్2. 2009లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో యింగ్-హుయ్ ఫూ బృందం ఒక కుటుంబంలో తల్లీకూతుళ్ళను పరీక్షించింది. ఆ జన్యువులో ఒక్క అక్షరం మారి వాళ్ళిద్దరూ రోజుకు ఆరుంపావు గంటలే నిద్రపోతున్నారు, అదే కుటుంబంలో ఆ మార్పు లేనివాళ్ళు ఎనిమిది గంటలు. మనల్ని మేలుకొలిపి ఉంచే ఒరెక్సిన్ అనే రసాయనాన్ని డెక్2 మామూలుగా అదుపులో పెడుతుంది, ఆ మార్పుతో పట్టు సడలి ఒరెక్సిన్ కాస్త ఎక్కువగా తయారవుతుందని తర్వాత ఎలుకల్లో చూశారు. ఇక్కడ ఒకటి గమనించండి. ప్రపంచమంతా పేరుమోసిన ఆ తల్లీకూతుళ్ళకు కూడా ఆరుంపావు గంటలు కావాల్సి వచ్చింది, నాలుగు కాదు. తర్వాత దొరికిన కుటుంబాల్లో ఇంకా తక్కువ నిద్రవాళ్ళూ ఉన్నారు గానీ అవి బహు అరుదు. 2019లో బయటపెట్టిన ఏడీఆర్‌బీ1 మార్పు లక్షమందిలో నలుగురికి ఉంటుందని అంచనా. ఆ లెక్క మనకూ వర్తిస్తే తిరుపతి మొత్తానికి ఇరవైమంది దొరికితే గొప్ప. ట్యాక్సీ స్టాండులో అడిగితే మాత్రం ప్రతి మూడోవాడూ ఆ ఇరవైమందిలో తనొకణ్ణంటాడు.

ఈ కథకు ఇంకో మలుపుంది, దాన్ని వీడియోలవాళ్ళు చెప్పరు. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంకు అని లక్షలమంది జన్యు వివరాలు దాచిన చోటుంది. 2022లో అక్కడ దాదాపు రెండు లక్షలమందిని వెతికి, ఈ 'తక్కువ నిద్ర' మార్పులున్నవాళ్ళను పట్టుకుని చూస్తే, వాళ్ళు మిగతావాళ్ళలాగే నిద్రపోతున్నారు. అంటే ఒక కుటుంబంలో గట్టిగా కనబడ్డ మార్పు ఊరంతటి మీద చూసేసరికి తేలిపోయింది. ఆ కుటుంబాల్లో ఇంకేవో జన్యువులు కూడా తోడై ఉండొచ్చన్నది నా ఊహ. మామూలు జనంలో నిద్ర నిడివిని మార్చే చోట్లు 78 ఉన్నాయని 2019లో ఇదే బయోబ్యాంకు వివరాలతో లెక్కగట్టారు. ఒక్కోదాని బలం రెండు మూడు నిమిషాలకు మించదు. చిల్లరంతా పోగేస్తే రూపాయి అయినట్టు, మన నిద్ర చాలావరకు అలాంటి చిల్లర వారసత్వమే.

నిద్ర చెడ్డప్పుడు ఎవరు పడిపోతారన్నదానికి బాగా నలిగిన పేరు పెర్3. ఇది మన ఒంటి గడియారపు జన్యువుల్లో ఒకటి. ఈ కుటుంబపు మొదటి జన్యువును పండ్ల ఈగల్లో తవ్వి తీసినందుకే 2017లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. పెర్3లో ఒక చిన్న ముక్క కొందరిలో నాలుగుసార్లు, కొందరిలో ఐదుసార్లు వరసగా వస్తుంది. 2007లో ఇంగ్లండులోని సర్రే విశ్వవిద్యాలయంలో 24 మందిని రాత్రంతా మేలుకోబెట్టారు. అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండువైపులా ఐదు ముక్కలది వచ్చినవాళ్ళు తెల్లవారుజామున బాగా కుప్పకూలారు, రెండువైపులా నాలుగున్నవాళ్ళు మెరుగ్గా నిలిచారు. ఇంకేం, టెస్టు చేయించుకుంటే తేలిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ 2009లో ఫిలడెల్ఫియాలో పూర్తి జాగారం కాకుండా వరసగా కొన్ని రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూస్తే, రెండు రకాలవాళ్ళూ ఒకేలా తప్పులు చేశారు. మీ అన్నదమ్ములది ఏ పరిస్థితి? శివరాత్రి జాగారం కాదు. రోజూ కొంచెం కొంచెం కోతపడే నిద్ర. అందుకే పెర్3 ఫలితం చేతిలో ఉన్నా మీకు ఒరిగేదేమీ లేదు.

మూడోది మీకు నేరుగా తగిలేది. హెచ్‌ఎల్‌ఏ డీక్యూబీ1 అనే జన్యువులో ఒక రకం ఉంది. కూర్చున్నచోటే నిద్రలోకి జారిపోయే నార్కోలెప్సీ జబ్బువాళ్ళలో అది ఎక్కువగా కనబడుతుంది, ఏ జబ్బూ లేని ఎంతోమందిలోనూ ఉంటుంది. 2010లో అది ఉన్న, లేని ఆరోగ్యవంతులు 129 మందికి ఐదు రాత్రులు నాలుగేసి గంటల నిద్రే ఇచ్చారు. ఆ రకం ఉన్నవాళ్ళకు నిద్రమత్తు, అలసట ఎక్కువ. అయితే మీట నొక్కే పరీక్షలో తేడా లేదు. అంటే ఒళ్ళు గట్టిగా మొరపెట్టుకుంది, నష్టం మాత్రం అందరికీ సమానమే.

మీ కళ్ళ మంటలు మీ ఒళ్ళు పెట్టే ఆ మొర కావచ్చు. అది విని మీరు బండి పక్కకు తీస్తారు. మీ అన్న ఒంటికి ఆ గొంతు లేకపోతే ఆయన ఆపడు. అప్పుడు మీ ఇద్దరిలో ప్రమాదానికి దగ్గరగా ఉన్నది ఎవరు? ఈ ప్రశ్న మీ అన్నను రెచ్చగొట్టడానికి కాదు, ఆయన ఎదుట మీరు తలవంచుకోనక్కర్లేదని చెప్పడానికి.

అలవాటు పడగలనా అన్నారు. లేదు. అలవాటు పడ్డాననిపించడం మాత్రం తప్పకుండా జరుగుతుంది. 2003లో 48 మంది మీద చేసిన పరీక్షలో కొందరికి రోజుకు ఆరు గంటలు, కొందరికి నాలుగు గంటలు పక్క మీద ఉండే వీలిచ్చి 14 రోజులు చూశారు. తప్పులు రోజురోజుకూ పెరుగుతూ పోయాయి, ఎక్కడా ఆగలేదు. రెండు వారాలకు నాలుగు గంటలవాళ్ళు రెండు రాత్రులు బొత్తిగా నిద్రపోనివాళ్ళంత అధ్వానంగా తయారయ్యారు. మరి "నిద్ర వస్తోందా" అని అడిగితే? మొదటి కొన్ని రోజులు ఎక్కువన్నారు, తర్వాత ఆ జవాబు పెద్దగా పెరగలేదు. చేయి దిగజారుతూనే ఉంది, మనసు సర్దుకుపోయింది.

ఇంకో లెక్క. 1997లో ఆస్ట్రేలియాలో 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితనాన్ని తాగినవాడి పనితనంతో పోల్చారు. 100 మిల్లీలీటర్ల నెత్తురులో 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉన్నవాడితో సమానంగా వచ్చింది. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం ఒప్పుకునేది 30. పొద్దున ఐదుకు లేచినవాడు రాత్రి పదికి పుత్తూరు దాటుతున్నాడంటే, చుక్క ముట్టకుండానే ఆ గీత దాటేశాడన్నమాట. ఊది చూసే మిషను మాత్రం సున్నా చూపిస్తుంది.

మీ అన్న నిజంగానే నాలుగు గంటలే పడుకుంటున్నాడా అన్నది నా అనుమానం. ల్యాబుకు "నాకు మూడు గంటలు చాలు సార్" అంటూ వచ్చినవాళ్ళలో చాలామంది నిద్ర లెక్క రాయిస్తే గుట్టు బయటపడేది. పార్టీ దర్శనానికి వెళ్ళి నాలుగైదు గంటలు కంపార్టుమెంట్లలో ఇరుక్కుంటారు. ఆ సేపంతా డ్రైవరు కొండ మీద పార్కింగులో సీటు వెనక్కి వాల్చి ఏం చేస్తుంటాడు? అది ఎవరూ నిద్ర కింద రాయరు. పుట్టుకతో తక్కువ నిద్రవాళ్ళను గుర్తుపట్టడానికి ఒక పాత గుర్తుంది. పని లేని రోజున, అలారం పెట్టకపోయినా, వాళ్ళు అదే వేళకు లేచేస్తారు. పండక్కి అత్తారింటికి వెళ్ళి పదింటిదాకా లేవనివాడు ఆ జాతివాడు కాడు.

గురక కూడా చూడండి. గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి మళ్ళీ గుర్రుమంటుంటే, అది ఎన్ని గంటలు పడుకున్నా తీరని నిద్ర. ఆ జబ్బుకు చికిత్స ఉంది, ముందు డాక్టరును కలవాలి. మీ నాయనగారి సంగతి అడిగితే, ముప్పై ఏళ్ళు లారీ నడిపి క్షేమంగా ఇంటికొచ్చినవాళ్ళే మనకు కథలు చెబుతారు. రానివాళ్ళు చెప్పరు కదా.

కాఫీ గురించి మీరు అడగలేదు గానీ, చిత్తూరు జిల్లావాణ్ణి, ఊరుకోలేను. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది, అది తన గూట్లో కూర్చుంటే నిద్ర వస్తుంది. కాఫీ వెళ్ళి ముందే ఆ గూట్లో కూర్చుంటుంది. ఆ గూటిని తయారుచేసే జన్యువును బట్టి ఒకే గ్లాసు కాఫీ ఒకరికి రాత్రంతా నిద్ర పట్టనివ్వదు, ఇంకొకరు తాగి గుర్రుపెడతారు. కాఫీని కాలేయం ఎంత త్వరగా విరగ్గొడుతుందన్నదీ జన్యువు మీద ఆధారపడి ఉంటుంది. సగం విరగడానికి సగటున ఐదు గంటలు పట్టినా మనిషి మనిషికీ చాలా తేడా, సిగరెట్టు తాగేవాళ్ళకు త్వరగా పోతుంది. రాత్రి ట్రిప్పులో కాఫీ తాగి వెంటనే పావుగంట కునుకు తీయండి. కాఫీ ఎక్కడానికి అరగంట పడుతుంది, లేచేసరికి రెండూ కలిసి పనిచేస్తాయి. ఈ పద్ధతిని ఇంగ్లండులో డ్రైవింగ్ సిమ్యులేటరు మీద పరీక్షించి పనిచేస్తుందని చూశారు. అద్దం దించి చల్లగాలి పెట్టుకోవడం, పాటలు గట్టిగా పెట్టడం కూడా వాళ్ళే పరీక్షించారు. ఆ మేలు కాసేపటికే కరిగిపోయింది.

జన్యు టెస్టు కిట్ల మీద డబ్బు పెట్టకండి. పెర్3 గురించి పైన చెప్పిందే మిగతావాటికీ వర్తిస్తుంది. జన్యువులు చేసిన పని ఫలితం మీ వేలి కొసన ఉంది, దాన్నే కొలవండి. ఇందాక చెప్పిన మీట నొక్కే పరీక్ష, పీవీటీ, ఫోనులో దొరుకుతుంది. పది నిమిషాలదే చేయండి, ఒక నిమిషానిది ఎందుకూ పనికిరాదు, ఒక నిమిషం ఎవడైనా బిగపట్టుకుని కూర్చోగలడు. రెండు రాత్రులు బాగా పడుకున్నాక ఒకసారి పొద్దున చేసి, అర సెకను దాటినవెన్నో రాసుకోండి. తర్వాత రాత్రి ట్రిప్పు మధ్యలో, తెల్లవారుజామున మూడు నాలుగు గంటల వేళ, బండి పక్కన ఆపి చేయండి. ఒంటి వేడి అన్నిటికంటే తగ్గేది దాదాపు ఆ వేళకే, ఎంత గట్టివాడైనా ఆ వేళకు మెత్తబడతాడు. తప్పులు నాలుగైదు పెరిగితే ఆ ట్రిప్పు అక్కడే ఆపి పడుకోవాలి, అది నా లెక్క.

ఇద్దరూ రెండు వారాలు చేయండి. పార్కింగు కునుకులతో సహా నిద్ర గంటలు ఒక వరసలో, తప్పులు ఇంకో వరసలో, "ఇప్పుడు నిద్ర వస్తోందా" అన్నదానికి పదికి ఎన్ని మార్కులో మూడో వరసలో రాయండి. మార్కులు పరీక్షకు ముందే వేసుకోవాలి. అయ్యాక ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను. మీ అన్న కాగితం మాత్రం మీరు నింపకండి.